5-2 దగ్గర బిగుసుకుపోయే చెయ్యి

ప్రశ్న: నేను జూనియర్ టెన్నిస్ క్రీడాకారులకు శిక్షణ ఇస్తున్నాను. నా దగ్గర ఆడే పద్నాలుగేళ్ల అమ్మాయి ప్రాక్టీసులో తనకంటే పెద్దవాళ్లను కూడా ఓడిస్తుంది. టోర్నమెంటులో మాత్రం ఆధిక్యంలోకి రాగానే ఆమె ఆట మారిపోతుంది. ఇటీవల ఒక మ్యాచ్‌లో మూడో సెట్‌లో 5-2తో ముందుండి, ఇంకొక్క గేమ్ గెలిస్తే మ్యాచ్ తనదే అయ్యే స్థితిలో, డబుల్ ఫాల్ట్‌ల (రెండు సర్వ్‌లూ తప్పి పాయింటు పోవడం) మీద డబుల్ ఫాల్ట్‌లు చేసి ఓడిపోయింది. "రిలాక్స్ అవ్వు, సేఫ్‌గా ఆడు" అని ఎన్నిసార్లు చెప్పినా ఫలితం లేదు. తండ్రిగారు ప్రతి మ్యాచ్‌కూ వచ్చి ర్యాంకింగ్ పాయింట్లు లెక్కవేస్తూ కూర్చుంటారు. ఆమెకు మానసిక బలం లేదనుకోవాలా? సర్వ్ మార్చాలా? ఆత్మవిశ్వాసం పెరగడానికి కొంతకాలం తేలికైన టోర్నమెంట్లు ఆడించాలా?

సమాధానం:

కోచ్ గారూ, మీ మూడు ప్రశ్నల్లో మొదటిదానికి జవాబు తేలితే మిగిలిన రెండింటికీ దారి దొరుకుతుంది కాబట్టి అక్కడే మొదలుపెడతాను. మానసిక బలం లేదన్న తీర్పును పక్కన పెట్టండి. అది తప్పో ఒప్పో తేల్చడం నా ఉద్దేశం కాదు. దాన్ని పట్టుకుని మీరు కోర్టులో చేయగలిగిన పని ఏదీ లేదన్నదే నా అభ్యంతరం. ఫోర్‌హ్యాండ్ ఆలస్యమవుతోందంటే ఏం చేయించాలో మీకు తెలుసు. బలం లేదంటే దాన్ని ఏ బుట్టెడు బంతులతో సాధన చేయిస్తారు? పైగా ఆ మాట ఒక్కసారి పిల్ల చెవిన పడితే, తరువాత చేసే ప్రతి తప్పూ దానికి సాక్ష్యంగానే కనిపిస్తుంది.

ఆధిక్యంలో ఉండి తడబడటం అనుభవం లేని పిల్లల జబ్బు కూడా కాదు. 1993 వింబుల్డన్ మహిళల ఫైనల్లో యానా నొవోత్నా మూడో సెట్‌లో స్టెఫీ గ్రాఫ్‌పై 4-1తో ముందుంది. తన సర్వీసులో 40-30 దగ్గర ఉంది. ఆ ఒక్క పాయింటు గెలిస్తే 5-1 అయ్యేది. అక్కడ డబుల్ ఫాల్ట్ చేసింది, ఆ గేమ్ కోల్పోయింది, ఆ తరువాత మరొక్క గేమ్ కూడా గెలవలేక 6-4తో సెట్‌నూ మ్యాచ్‌నూ వదులుకుంది. అదే నొవోత్నా 1998లో అదే టోర్నమెంటు గెలిచింది. ఈ కథను అమ్మాయికి ఓదార్పుగా చెప్పవచ్చు గాని, మీరు గమనించవలసింది వేరే ఉంది: ఆ స్థాయి క్రీడాకారిణికి సర్వ్ చేయడం రాకపోవడమేమిటి? నైపుణ్యం ఎక్కడికీ పోలేదు, దాన్ని చేరుకునే దారి ఆ క్షణంలో మూసుకుపోయింది. మీ అమ్మాయి విషయంలోనూ అంతే కాబట్టి సర్వ్ మార్చవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. అయితే ఆ దారి ఎలా మూసుకుపోతుందో తెలియాలి.

5-2 దగ్గర మారేది ముందుగా ఎదుటి క్రీడాకారిణి. ఇది చాలామంది కోచ్‌ల లెక్కలోకి రాదు. ఓటమి దాదాపు ఖాయమనుకున్న పిల్ల ఇక పోయేదేముందని స్వేచ్ఛగా కొట్టడం మొదలుపెడుతుంది. అంతవరకూ బయట పడుతున్న ఆమె బంతులు గీత మీద పడతాయి. ముందున్న అమ్మాయి దాన్ని తన పతనంగా అర్థం చేసుకుని వెనక్కి తగ్గుతుంది. కాబట్టి ఈసారి ఇలాంటి స్థితి వచ్చినప్పుడు ఒక కాగితం మీద, ఆమె కోల్పోయిన పాయింట్లలో తన తప్పువల్ల పోయినవి ఎన్ని, ఎదుటివారు బాగా ఆడటం వల్ల పోయినవి ఎన్ని అని విడివిడిగా రాసుకోండి. రెండో రకం పాయింట్లు మీరు ఊహించినదానికంటే ఎక్కువగా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. అవి నిజంగా ఎక్కువగా ఉంటే సమస్య నరాలది కాదు, వ్యూహానిది. అప్పుడామె చేయవలసింది బంతి ఎత్తు మార్చో, వేగం మార్చో ఎదుటివారి లయను చెదరగొట్టడం.

రెండో మార్పు ఆమె దృష్టిలో వస్తుంది. ఒత్తిడిలో నైపుణ్యం కూలిపోవడాన్ని గురించి మనస్తత్వవేత్త రాయ్ బౌమైస్టర్ 1984లో చేసిన పరిశోధన నుంచి మరో మనస్తత్వవేత్త సియాన్ బైలాక్ చేసిన అధ్యయనాల వరకూ పదేపదే తేలినది ఏమిటంటే, అలవాటుగా జరిగిపోవలసిన కదలికను మనిషి స్పృహతో పర్యవేక్షించడం మొదలుపెట్టినప్పుడు ఆ కదలిక ముక్కలుముక్కలైపోతుంది. ఫలితం ముఖ్యమనుకున్నకొద్దీ ఈ పర్యవేక్షణ పెరుగుతుంది. టాస్ (సర్వ్ కోసం బంతిని పైకి ఎగరేయడం) ఎక్కడ వేస్తున్నాను, మోచెయ్యి పైకి లేచిందా అని ఆలోచిస్తూ సర్వ్ చేసే పిల్ల, ఏ ఆలోచనా లేకుండా వేలసార్లు చేసిన పనిని కొత్తగా నేర్చుకుంటున్నట్టు చేస్తుంది. ఇందుకే మ్యాచ్ నడుస్తుండగా సాంకేతిక సూచన ఇవ్వడం హాని చేస్తుంది. ఆమె మనసును పెట్టవలసింది బంతి వెళ్లి పడవలసిన చోటు మీద, అది వెళ్లే దారి మీద. తన చేతి మీద కాదు.

మూడో మార్పు శరీరంలో వస్తుంది. ఇక్కడ మీరు వాడే ‘సేఫ్‌గా ఆడు’ అన్న మాటను కొంచెం నిలదీయాలి. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, రాకెట్ పట్టు బిగుస్తుంది, పాదాలు నేలకు అతుక్కుంటాయి. ఈ స్థితిలో సేఫ్ అన్న మాట వింటే పిల్ల చేసే మొదటి పని రాకెట్ వేగం తగ్గించడం. టెన్నిస్‌లో అది సురక్షితమైన పని కాదు. సెకండ్ సర్వ్ (మొదటిది తప్పితే దొరికే రెండో అవకాశం) నెట్ పైనుంచి వెళ్లి సర్వీస్ బాక్సులో దిగేది దాని మీదున్న స్పిన్ వల్ల. స్పిన్ పుట్టేది రాకెట్ వేగం వల్ల. చెయ్యి ఆపుకుని తోసిన బంతికి కిందికి వంగే గుణం పోతుంది కాబట్టి అది నెట్‌లోనైనా పడుతుంది, తేలిపోయి గీత దాటైనా పడుతుంది. లోపల పడినా ఎదుటివారు ముందుకొచ్చి కొట్టడానికి వీలుగా నెమ్మదిగా వచ్చి నిలుస్తుంది. గ్రౌండ్‌స్ట్రోక్‌లకూ (బంతి నేలను తాకాక కొట్టే దెబ్బలు) ఇదే వర్తిస్తుంది. అంటే మీ సలహా ఆమెను డబుల్ ఫాల్ట్ వైపే నెట్టుతూ ఉండవచ్చు.

సురక్షితమైన ఆటకు మీ కోర్టులో కొత్త నిర్వచనం పెట్టండి. రాకెట్ వేగం ఎప్పుడూ తగ్గకూడదు. తగ్గవలసింది గీతల అంచున కొట్టాలన్న ఆశ. నెట్ మధ్యలో మూడు అడుగుల ఎత్తు ఉంటే స్తంభాల దగ్గర మూడున్నర అడుగులు ఉంటుంది. సింగిల్స్ కోర్టు పొడవు 78 అడుగులు. ఆ మూల నుంచి ఈ మూలకు కొలిస్తే 82 అడుగులు దాటుతుంది. అందువల్ల క్రాస్‌కోర్టు (ఒక మూల నుంచి ఎదుటి మూలకు వాలుగా) కొట్టే బంతి నెట్‌లో తక్కువ ఎత్తున్న చోట దాటుతుంది, పడటానికి ఎక్కువ చోటు దొరుకుతుంది. బిగుసుకుపోయిన క్షణంలో ఆడవలసిన బంతి ఇదే: పూర్తి వేగంతో, ఎక్కువ స్పిన్‌తో, నెట్‌కు బాగా పైనుంచి, క్రాస్‌కోర్టుగా, గీతకు కనీసం ఒక గజం లోపలికి. సెకండ్ సర్వ్ అయితే బాక్సు మూలలు వదిలేసి ఎదుటివారి శరీరం మీదికి, పూర్తి ఊపుతో. ‘సేఫ్‌గా’ అనడానికి బదులు ‘ఎత్తుగా, వేగంగా’ అని చెబితే ఆమె చేతికి చేయవలసిన పని తెలుస్తుంది.

ఇక పాయింటుకూ పాయింటుకూ మధ్య ఉండే ఖాళీ. మ్యాచ్‌లో బంతి నిజంగా ఆటలో ఉండే సమయం మొత్తంలో మూడో వంతు కూడా ఉండదు. మిగిలినదంతా నడవడం, తుడుచుకోవడం, ఆలోచించడం. భయం పెరిగేదీ అక్కడే, తగ్గించుకోగలిగేదీ అక్కడే. నిబంధనల ప్రకారం పాయింట్ల మధ్య 25 సెకన్లు, వైపులు మారేటప్పుడు 90 సెకన్లు, సెట్‌ల మధ్య 120 సెకన్లు వ్యవధి ఉంటుంది. సెట్‌లో మొదటి గేమ్ తరువాతా, టైబ్రేక్ (6-6 దగ్గర సెట్‌ను తేల్చే గేమ్) మధ్యలోనూ కూర్చునే విరామం ఉండదు. మీరు స్టాప్‌వాచ్ పట్టుకుని ఆమె 2-2 దగ్గర ఎంత సమయం తీసుకుంటోందో, 5-2 దగ్గర ఎంత తీసుకుంటోందో చూడండి. బిగుసుకుపోయిన పిల్లలు చాలామంది ఆ సమయాన్ని సగానికి కుదించేస్తారు, ఎందుకంటే వాళ్లు కోరుకునేది ఆ ఇబ్బంది త్వరగా ముగియడం. కొందరు దీనికి విరుద్ధంగా బంతిని నేల మీద కొట్టుకుంటూ సాగదీస్తారు. ఏ రకమో తెలియకుండా మందు వేయలేం.

ఈ ఖాళీని ఒక శిక్షణాంశంగా మలచినవారిలో క్రీడా మనస్తత్వవేత్త జిమ్ లోర్ ముఖ్యుడు. గొప్ప క్రీడాకారులు కొట్టే తీరులో కంటే పాయింట్ల మధ్య ప్రవర్తించే తీరులో ఎక్కువ పోలికలు ఉన్నాయని గమనించి, ఆయన ఆ వ్యవధిని నాలుగు దశలుగా విడదీశాడు: పాయింటు పోయినా వచ్చినా శరీరాన్ని నిటారుగా ఉంచడం, ఊపిరితో సడలించుకోవడం, తరువాతి పాయింటుకు నిర్ణయం తీసుకోవడం, చివరగా ఎప్పుడూ చేసే చిన్న తంతు. పద్నాలుగేళ్ల అమ్మాయికి దీన్ని ఇంకా సరళం చేయాలి. పాయింటు ముగియగానే నెట్ వైపు వీపు తిప్పి, రాకెట్‌ను ఎడమ చేతిలోకి మార్చి (ఎడమచేతి వాటమైతే కుడి చేతిలోకి), తీగల మీద చూపు నిలపాలి. తీసుకున్న ఊపిరి కంటే వదిలే ఊపిరి నిడివిగా ఉండేలా రెండు సార్లు శ్వాసించాలి. తరువాత ఒకే ఒక్క నిర్ణయం: ‘వైడ్‌గా (కోర్టు పక్కకు) సర్వ్, తరువాతి బంతి ఖాళీ వైపు’ అన్నంత చిన్నది. చివరన బంతిని ఎప్పుడూ కొట్టే అన్నిసార్లే నేల మీద కొట్టి సర్వ్ చేయాలి. రాకెట్ చెయ్యి మార్చడం ఎందుకంటే, బిగిసిన పట్టును వదలమని మాటతో చెబితే వదలదు, చెయ్యి మార్చితే దానంతట అదే వదులుతుంది.

గుండె దడదడలాడుతున్న పిల్లకు ‘కంగారు పడకు’ అని చెప్పడం కూడా మానండి. 2014లో పరిశోధకురాలు ఆలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రచురించిన ప్రయోగాల్లో, పాడటానికో మాట్లాడటానికో ముందు తమను తాము శాంతపరచుకోవడానికి ప్రయత్నించినవారికంటే ఆ అలజడిని ఉత్సాహంగా చెప్పుకున్నవారు మెరుగ్గా రాణించారు. ‘గుండె కొట్టుకుంటోందంటే ఒళ్లు ఆటకు సిద్ధమైందన్నమాట’ అని ముందురోజే చెప్పి ఉంచండి. ఆ దడ రావడమే ఓటమికి సూచన అని ఆమె అనుకుంటున్నంతకాలం, దడకు తోడు దడ వస్తోందన్న భయం కూడా చేరుతుంది.

అయితే ఇవన్నీ మ్యాచ్ రోజున గుర్తుచేస్తే పనిచేయవు. మీ ప్రాక్టీసు ఎలా జరుగుతోందో మీరు రాయలేదు గాని, చాలా కోర్టుల్లో జరిగేది ఒకటే. బుట్టెడు బంతులు పక్కన పెట్టుకుని వరుసగా ముప్పై సెకండ్ సర్వ్‌లు చేయిస్తారు. పదోది వచ్చేసరికి చెయ్యి దానికి అలవాటుపడి, మిగిలినవన్నీ చక్కగా పడతాయి, అందరూ సంతోషిస్తారు. మ్యాచ్‌లో ముప్పై అవకాశాలు రావు. మొదటి సర్వ్ తప్పిన తరువాత, స్కోరు చెవిలో మోగుతుండగా, ఒక్కటే వస్తుంది. కాబట్టి ఒక సెకండ్ సర్వ్ చేయించి, ర్యాలీ ఆడించి, నడిపించి, 25 సెకన్ల తంతు పూర్తయ్యాక మళ్లీ ఒక్కటి చేయించండి. రోజులో కొన్ని గేమ్‌లు ఒకే సర్వ్‌తో, అంటే తప్పితే పాయింటు పోయేలా ఆడించండి. సెట్‌ను 0-0తో కాక 5-2, 30-30తో మొదలుపెట్టండి. వారంలో కొన్ని రోజులు ఆమె ముందున్న వైపు, మరికొన్ని రోజులు వెనకబడిన వైపు ఆడాలి. వెనకబడినవాళ్లు ఎంత స్వేచ్ఛగా కొడతారో ఆమెకు స్వయంగా తెలియడం కంటే మంచి పాఠం లేదు. మిగిలిన పిల్లలను ఆట ఆపి కోర్టు చుట్టూ నిలబడి చూడమనండి.

ప్రాక్టీసులో తెచ్చే ఒత్తిడి అసలుదానికి సాటి రాదని మీకు అనిపించవచ్చు. సాటి రానవసరం లేదు. నెదర్లాండ్స్‌లో ఒక ప్రయోగంలో కొందరిని క్లైంబింగ్ వాల్ (ఎక్కడం సాధన చేసే గోడ) మీద కొంచెం ఎత్తున ఉంచి, వాళ్ల చేత డార్ట్స్ (పలక మీదికి గురిపెట్టి విసిరే చిన్న బాణాలు) విసిరించి సాధన చేయించారు. అలా స్వల్పమైన ఆందోళనలో సాధన చేసినవారు, తరువాత ఇంకా ఎత్తులో, ఇంకా ఎక్కువ భయంలో విసరవలసి వచ్చినప్పుడు కూడా గురి నిలుపుకోగలిగారు. ఒక్కటి మాత్రం వద్దు: ఓడినవారికి కోర్టు చుట్టూ పరుగులు, పుష్‌అప్‌లు శిక్షగా వేయకండి. అది తప్పంటే భయాన్నే నేర్పుతుంది, మనం పోగొట్టాలనుకుంటున్నది దాన్నే. గెలిచినవారు తరువాతి డ్రిల్ ఎంచుకోవడం వంటి చిన్న లాభం చాలు.

గీతల విషయం కూడా సాధనలో భాగం కావాలి. అంపైర్ లేని జూనియర్ మ్యాచ్‌లలో ఎవరి వైపు పడిన బంతి లోపలో బయటో వారే ప్రకటిస్తారు; అనుమానం ఉంటే బంతి లోపల పడినట్టే. కీలకమైన పాయింటులో ఎదుటివారు అన్యాయంగా ‘అవుట్’ అన్నారనిపించినప్పుడు తరువాతి మూడు పాయింట్లు కూడా పోగొట్టుకునే పిల్లలను మీరు చూసే ఉంటారు. ప్రాక్టీసు సెట్‌లో ఒకరికి రెండు తప్పుడు కాల్‌లు ఇచ్చే రహస్య హక్కు ఇవ్వండి. అమ్మాయి ఒక్కసారి మర్యాదగా అడగాలి, అవసరమైతే అధికారిని పిలవాలి, ఆ తరువాత ఏ జవాబు వచ్చినా వీపు తిప్పి తంతును మొదటి నుంచీ మొదలుపెట్టాలి. సర్వ్ చేసేవారు ప్రతి పాయింటుకు ముందు స్కోరును గట్టిగా చెప్పే అలవాటు కూడా ప్రాక్టీసులోనే పడాలి. వివాదాలు తగ్గించడమే కాక అది ఊపిరి బిగబట్టకుండా కాపాడుతుంది.

తప్పుల గురించి ఒక లెక్క ఆమెకు చెప్పండి. రోజర్ ఫెదరర్ 2024లో ఒక కళాశాల స్నాతకోత్సవంలో మాట్లాడుతూ, తాను ఆడిన 1,526 సింగిల్స్ మ్యాచ్‌లలో దాదాపు 80 శాతం గెలిచినా, మొత్తం పాయింట్లలో గెలిచినవి 54 శాతమేనని చెప్పాడు. అంటే అంతటివాడు కూడా ప్రతి వంద పాయింట్లలో 46 ఓడిపోయాడు. పాయింటు పోవడం ఈ ఆటలో మామూలు సంగతి. ప్రతి తప్పుకూ తల వంచుకునే పిల్లకు ఈ అంకెలు ఏ ఉపన్యాసం కంటే బాగా ఎక్కుతాయి.

తండ్రిగారి సంగతికి వస్తాను, దాంతోపాటు మీ సంగతికి కూడా. తప్పు చేసిన ప్రతిసారీ ఆమె ఎవరి వైపు చూస్తోందో గమనించండి. మీ వైపో, ఆయన వైపో అయితే, అక్కడ కనిపించే ముఖం కూడా ఒత్తిడిలో భాగమే. ఒక మ్యాచ్‌లో కెమెరాను కోర్టు మీద కాకుండా మీ ఇద్దరి మీదా పెట్టించి, తరువాత ఇద్దరూ కలిసి చూడండి. తలపట్టుకోవడం, నిట్టూర్చడం, పక్కవారితో గుసగుసలాడటం ఎంత స్పష్టంగా దొరికిపోతాయో చూసుకుంటే నేను వేరే చెప్పనక్కర్లేదు. తండ్రిగారిని రావద్దనకండి, అలా అంటే ఇంట్లో ఒత్తిడి పెరుగుతుంది. ఆయనకు ఒక పని అప్పగించండి. ప్రతి పాయింటు తరువాత అమ్మాయి వీపు తిప్పిందా, సమయం తీసుకుందా అని ఒక కాగితం మీద టిక్కు పెట్టమనండి. ర్యాంకింగ్ పాయింట్ల లెక్క టోర్నమెంటు ముగిశాక కూడా చేసుకోవచ్చు. మ్యాచ్ ఓడి వచ్చిన రోజు విశ్లేషణ వద్దని ఆయనతో ముందే మాట తీసుకోండి. ఆ పని తరువాతి ప్రాక్టీసులో మీరు, ఆ కాగితం చేతిలో పెట్టుకుని చేస్తారు.

అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2025 జనవరి నుంచి, నిర్వాహకులు అనుమతించిన చోట కోర్టు బయటి నుంచి కోచ్ సలహా ఇవ్వడానికి నియమాల్లో వీలు కల్పించింది. మీరు ఆడించే టోర్నమెంటు దాన్ని అనుమతిస్తుందో లేదో ముందే కనుక్కోండి. అనుమతించినా పాయింట్ల మధ్య మాట్లాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆ 25 సెకన్లు ఆమెవి. వైపులు మారేటప్పుడు అడిగితే ఒక్క వాక్యం చెప్పండి, అది కూడా బంతి ఎక్కడికి కొట్టాలన్న దాని గురించే.

తేలికైన టోర్నమెంట్ల ఆలోచన వినడానికి బాగుంటుంది గాని, దాన్నే ఏకైక మందుగా వాడితే అనుకున్నదానికి వ్యతిరేకంగా పనిచేస్తుంది. తనకంటే బలహీనులతో ఆడేటప్పుడు ‘గెలిచి తీరాలి’ అన్న భారం పెరుగుతుంది. మీ అమ్మాయి బిగుసుకుపోయేది గెలవవలసిన స్థితిలోనే గదా. పెద్దవాళ్లతో ప్రాక్టీసులో బాగా ఆడటానికి ఒక కారణం అక్కడ ఓడినా ఎవరూ ఏమీ అనకపోవడం. అందుకని రెండు రకాలూ కలపండి: గెలుస్తుందని అందరూ అనుకునేవి కొన్ని, ఓడుతుందనుకునేవి కొన్ని, సమవుజ్జీలతో ఎక్కువ. డబుల్స్ కూడా ఆడించండి, పక్కన భాగస్వామి ఉండగా సెకండ్ సర్వ్ చేయడం మంచి మధ్యస్థ సాధన.

మ్యాచ్‌కు ముందు వాంతులు, నిద్ర పట్టకపోవడం, లేని గాయాలు చెప్పడం వంటివి కనిపిస్తే మాత్రం ఇది కోచ్ ఒక్కరి పని కాదు. పోలండ్ క్రీడాకారిణి ఇగా ష్వాంటెక్ తన బృందంలో దారియా అబ్రమోవిచ్ అనే మనస్తత్వవేత్తను వెంట ఉంచుకునే గ్రాండ్‌స్లామ్‌లు గెలిచింది కాబట్టి, నిపుణుల సాయం కోరడానికి కుటుంబం సంకోచించనక్కర్లేదు.

చివరిగా, ఈ మార్పు మొదలైన తొలి రెండు మూడు టోర్నమెంట్లలో డబుల్ ఫాల్ట్‌లు తగ్గకపోవచ్చు. పూర్తి ఊపుతో కొట్టడం మొదలుపెట్టాక కొంతకాలం పెరగవచ్చు కూడా. అప్పుడు తండ్రిగారు పాత సర్వ్ పద్ధతే మేలంటారు, మీకూ అదే అనిపిస్తుంది. అందుకని ఫాల్ట్‌లను రెండు వరుసల్లో రాయండి: రాకెట్ చివరిదాకా వెళ్లాక తప్పినవి ఒక వరుస, చెయ్యి మధ్యలో ఆగి తప్పినవి ఒక వరుస. రెండో వరుస చిన్నదవుతున్నంతకాలం ఫలితాలు ఎలా ఉన్నా ఈ పద్ధతిని మార్చకండి. అది చిన్నదవకపోతే ఆ కాగితాలతో మళ్లీ రాయండి.